గీతకు తూర్పున

మంగళవారం రాత్రి తాము తగలబెట్టి ముంచిన ఓడ జపాన్‌ది కాదేమోనన్న అనుమానం లిండ్సే పర్సెల్‌కి శుక్రవారం మధ్యాహ్నం పుట్టింది. ఆస్ట్రేలియా తీరాన కెయిర్న్స్ రేవులో ఎవరో నావికుడు సిగరెట్ ముట్టించుకుంటూ పక్కవాడితో అన్నాడు: "పెట్రెల్ ఇంకా రాలేదు. పంతొమ్మిది మంది ఉన్నారు దాంట్లో." పెట్రెల్ మనవాళ్ళ ఓడే, దీవుల్లోని కావలి పడవలకు పెట్రోలూ తిండీ మోసే చిన్నది. అది మాయమైంది అదే మంగళవారం, అదే న్యూ బ్రిటన్ దీవి దగ్గరి జలసంధిలో. అప్పటికే స్థావరంలో అందరూ లిండ్సే భుజం తట్టేశారు, బీరు పోసేశారు. అతను మెస్సులోంచి లేచి వెళ్ళి, తన పటం తీసి, లెక్క మూడుసార్లు చూశాడు. ఎక్కడా తప్పు కనపడలేదు. ఎవరికీ చెప్పలేదు. శనివారం సాయంత్రం మళ్ళీ విమానం ఎక్కాడు.

ఇప్పుడు తెల్లవారుజాము నాలుగు దాటింది. సముద్రానికి ఎనిమిది వందల అడుగుల ఎత్తున, అడుగు నుంచి రెక్కల కొసదాకా నల్లరంగు పూసిన గెర్టీ ఒంటరిగా పోతోంది. నీళ్ళమీద వాలే రకం విమానం అది. లోపల తొమ్మిది మంది, రెక్కల కింద నాలుగు బాంబులు. ముందూ వెనకా తోడు విమానం ఉండదు. ఓడ కనిపిస్తే కొట్టాలి, కొట్టిందేమిటో తిరిగొచ్చి తామే చెప్పాలి.

నావిగేటర్ బల్ల దగ్గర, చిల్లు పెట్టిన రేకు మూతలోంచి పడే గుప్పెడు వెలుతురులో లిండ్సే పటం మీదకి వంగి ఉన్నాడు. పటం మీద పైనుంచి కిందికి ఎర్ర పెన్సిల్ గీత ఒకటుంది. దానికి పడమట ఏ ఓడ కనిపించినా అడక్కుండా కొట్టేయవచ్చు. తూర్పున మాత్రం ముందు దీపంతో సైగ చేసి, ఆ రాత్రికి ఇచ్చిన అక్షరం అడగాలి. తిరుగు అక్షరం వస్తే మనవాళ్ళు. రాకపోతే కాదు.

తామెక్కడున్నారో తెలిస్తేనే ఆ గీతకు అర్థం. తెలిసే దారి ఒక్కటే. వెనక గాజు బుడగలో కూర్చున్న గన్నర్ ఒక మంట డబ్బాని సముద్రంలోకి విసురుతాడు. నీళ్ళు తగలగానే అది దానంతటదే అంటుకుంటుంది. వెనక్కి పోతున్న ఆ మంటకి గురిపెట్టి, గాలి విమానాన్ని ఎన్ని డిగ్రీలు పక్కకి నెడుతోందో గన్నర్ చెబుతాడు. ఆ అంకె మీదే మిగతా లెక్కంతా.

"ఆస్సీ, ఇంకో డబ్బా వెయ్యి," అన్నాడు లిండ్సే మైకులో.

"ఇప్పుడే కదరా వేశాను!" వెనకనుంచి ఆస్సీ లేమన్ గొంతు. బరోసా ద్రాక్షతోటల్లోంచి వచ్చినవాడు, ఎప్పుడూ నములుతూనే మాట్లాడతాడు. "డబ్బాకింత అని నీకేమైనా కమిషన్ ఇస్తున్నారా?"

"వెయ్యమన్నాను."

"ఒరేయ్ లిండ్సే," కెప్టెన్ మెర్విన్ హాల్డేన్ అందుకున్నాడు. యుద్ధానికి ముందు క్వీన్స్‌లాండ్ పల్లెలకి టపా విమానం నడిపినవాడు. విమానాన్ని ఒకే దిశలో కదలకుండా పట్టడమంటే అతనికి ఒళ్ళుమంట. "గంటలో నాలుగోది ఇది. నీ డబ్బా మండేదాకా ముక్కు సూటిగా పెట్టుకుని కూర్చుంటే ఎవడైనా కాల్చిపారేస్తాడు నన్ను. ఇదే ఆఖరు."

"సరే స్కిప్." కెప్టెన్‌ని అందరూ పిలిచే పేరు అది.

లిండ్సే ఇయర్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టాడు. గాల్లో ఉండగా నావిగేటర్ బల్ల వదలడు. అతను వదిలాడు. ఇనప తలుపు దాటి, పొయ్యి మీద కోకో కాగుతున్న ఇరుకు వంటగది దాటి, మడతమంచం మీద నోరు తెరుచుకుని పడుకున్న ఇంకో గన్నర్‌ని దాటి, వెనక గదిలోకి తల పెట్టాడు.

రెండు పక్కలా రెండు పెద్ద గాజు బుడగలు. ఎడమదాంట్లో ఆస్సీ వీపు. ఆస్సీ డబ్బా తీసుకుని, బుడగ మూత కాస్త ఎత్తి, బయటికి విసిరాడు. చలిగాలి ఈడ్చి కొట్టింది. లిండ్సే మనసులో లెక్కపెడుతూ అతని భుజం మీదుగా కిందికి చూశాడు.

పది. పదిహేను. ఇరవై.

కింద సముద్రం తారు పోసినట్టు ఉంది. ఎక్కడా నిప్పురవ్వంతైనా వెలుగు లేదు.

ఆస్సీ మూత దించాడు. జేబులోంచి బిస్కట్ ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. తీరిగ్గా మైకు నొక్కాడు.

"ఎడమకి ఎనిమిది," అన్నాడు.

లిండ్సే ఆస్సీ మెడ వెనక కోటు పట్టుకుని గుంజాడు.

"ఏది? ఎక్కడుంది మంట? చూపించు!"

ఆస్సీ ఉలిక్కిపడి తిరిగాడు. బిస్కట్ పొడి గడ్డం మీద పడింది. "నువ్విక్కడేం చేస్తున్నావ్?"

"డబ్బా అంటుకోలేదు. నువ్వు ఎనిమిది అన్నావు. ఎక్కణ్ణుంచి తెచ్చావు ఎనిమిది?"

"అరవకు. వానలు మొదలైనప్పట్నుంచీ సగం డబ్బాలు చచ్చినవే వస్తున్నాయి. తడిసిపోయాయి. అంటుకోలేదని చెప్తే నువ్వు ఇంకోటి వెయ్యమంటావు, ఆయన అమ్మనాబూతులు తిడతాడు. నేను రెండేళ్ళుగా ఈ సీట్లో కూర్చుంటున్నాను గురూ. అలల నురుగు చూస్తే తెలుస్తుంది నాకు."

"ఈ చీకట్లో నురుగు కనిపించిందా నీకు?"

ఆస్సీ గడ్డం మీది బిస్కట్ పొడి తుడుచుకున్నాడు.

"మంగళవారం?" లిండ్సే కోటు వదల్లేదు. "మంగళవారం కూడా ఇంతేనా?"

"లేదు. మంగళవారం వెలుగు కనిపించింది. ఒట్టు."

"మన డబ్బా వెలుగేనా?"

"ఏమో. మొదట అంటుకోలేదు. తర్వాత కాస్త పక్కగా ఓ చిన్న దీపం కనిపించింది. ఆలస్యంగా అంటుకుంది కాబోలు అనుకున్నాను. దాన్నే చూసి చెప్పాను."

"మినుకు మినుకుమందా? నిలకడగా ఉందా?"

"నిలకడగానే ఉంది." ఆస్సీ నమలడం ఆపాడు. "పసుపుగా."

మంట డబ్బా ఎప్పుడూ నిలకడగా మండదు. ఎగసిపడుతుంది, పొగ కక్కుతుంది. నిలకడగా పసుపుగా వెలిగేది పడవ లాంతరు. కదులుతున్న పడవ లాంతరుని చూసి గాలిని లెక్కగట్టారు. ఆ గాలితో తమ చోటు లెక్కగట్టారు. ఆ చోటు చూసుకుని గీతకు పడమట ఉన్నామనుకున్నారు. మర్నాడు పొద్దున పంతొమ్మిది మంది మంచాలు ఖాళీగా మిగిలాయి.

లిండ్సే కొట్టాడు. ఆలోచించి కొట్టలేదు. పిడికిలి పళ్ళకి తగిలింది, తన వేళ్ళే చిట్లాయి. ఆస్సీ గన్‌కి గుద్దుకుని, లేచి, తలతో అతని పొట్టలో పొడిచాడు. ఇద్దరూ ఖాళీ తూటాల సంచి మీద పడ్డారు. ఆస్సీ చేతికి మంట డబ్బా దొరికింది. దాన్ని ఎత్తి లిండ్సే చెవి పక్కన మోదాడు. కళ్ళముందు మెరుపులు కదిలాయి. లిండ్సే అతని గొంతు దొరకబుచ్చుకుని తలని నేలకేసి ఒకసారి కొట్టాడు, మళ్ళీ కొట్టాడు.

"చంపేస్తావేంట్రా!" ఆస్సీ గురగురలాడాడు. నోట్లోంచి రక్తంతో పాటు పన్ను ఊడిపడింది. "జపాన్‌దే అది! తగలబడింది కదా! నువ్వూ చూశావు!"

"పెట్రెల్‌లోనూ పెట్రోలే ఉంది."

ఆస్సీ చేతులు వదులయ్యాయి. ఆ పేరు రేవులో అతనూ విన్నట్టున్నాడు. "కాదు," అన్నాడు. "కాదు, కాదు."

అప్పుడే ఆస్సీ చెవి దగ్గర వేలాడుతున్న ఇయర్‌ఫోన్‌లోంచి రాడార్ చూసే క్లారీ టాంకిన్ గొంతు సన్నగా వినపడింది.

"స్కిప్, ఒకటి తగిలింది. పదకొండు మైళ్ళు. ముక్కుకి కాస్త కుడిగా. పెద్దదో చిన్నదో చెప్పలేను, దాని వెనకాల వాన కూడా కలిసి కనిపిస్తోంది."

*

లిండ్సే పడుతూ లేస్తూ ముందుకి పరిగెత్తాడు. అప్పటికే హాల్డేన్ విమానాన్ని కిందికి దింపుతున్నాడు. కుడి సీట్లో రెండో పైలట్ కీత్ రూర్క్. మాటకి ముందు నవ్వే మనిషి, లిండ్సే చెవి మీదుగా కారుతున్న రక్తం చూసి నవ్వలేదు.

"ఎక్కడున్నాం?" అన్నాడు హాల్డేన్ తల తిప్పకుండా.

"తెలీదు."

"ఏంటీ?"

"పటం మీద గీతకి నాలుగు మైళ్ళు పడమట. కానీ పటం అబద్ధం స్కిప్. ఆస్సీ అంకెలు నోటికొచ్చినవి. పదిహేను మైళ్ళు అటైనా ఉండొచ్చు, ఇటైనా ఉండొచ్చు. మంగళవారం కూడా ఇదే జరిగింది. మనం ముంచింది..."

"పెట్రెల్‌ని," అన్నాడు హాల్డేన్.

ఇంజన్ల హోరులో ఆ మాట మామూలుగా, రేపు వానొస్తుందన్నంత మామూలుగా వినపడింది. కీత్ మెడ తిప్పి కెప్టెన్ వైపు చూశాడు.

"నీకు తెలుసా?" అన్నాడు లిండ్సే.

"మనదని ఆ రాత్రే తెలుసు. బాంబులు వదిలాక దాని మీదుగా పోయాం కదా. మంటల్లో దాని వెనకభాగం చూశాను. మన కావలి పడవలకి కట్టే తెల్ల తాళ్ళ చుట్టలు ఉన్నాయి దాని మీద."

"చూసి, జపాన్ ఓడ అని రాసిచ్చావా?"

"రాసిచ్చాను. ఇంకేం రాయమంటావు?" హాల్డేన్ గొంతు గట్టిపడింది. "చచ్చినవాళ్ళు లేచొస్తారా? ఈ తొమ్మిది మందినీ చీల్చి తలో దిక్కూ పారేస్తారు. క్లారీ నిద్రపోతాడా ఇక జన్మలో? ఆస్సీ ఉరేసుకుంటాడు. ఇక్కడ మనం తప్ప ఎవరూ ఉండరు లిండ్సే. ఒంటరిగా పోయేవాళ్ళకి అదొక్కటే సుఖం. మనం ఏం చెప్తే అదే జరిగినట్టు."

"ఆరు మైళ్ళు," అన్నాడు క్లారీ. "నిలకడగా వస్తోంది."

"ఈసారి అడుగుదాం," అన్నాడు లిండ్సే. "దీపం వేసి అడుగుదాం."

"అడిగితే, అది జపాన్‌దైతే, మనం ఎక్కడున్నామో దీపం పెట్టి మరీ చూపించినట్టు. వంద అడుగుల ఎత్తులో, నూటపది మైళ్ళ వేగంతో. గోడమీద బల్లిని కొట్టినట్టు కొడతారు. నువ్వు వెళ్ళి నీ బల్ల దగ్గర కూర్చో."

"కూర్చోను."

"ఇది ఆజ్ఞ!"

"ఇంకో పంతొమ్మిది మందిని నేను చంపలేను. నన్ను దించి కోర్టు ముందు నిలబెట్టు. ఇప్పుడు మాత్రం అడగాలి."

సైగ దీపం కీత్ సీటు వెనక కొక్కేనికి ఉంది. లిండ్సే దాన్ని లాగాడు. తీగ చిక్కుపడింది. చిట్లిన వేళ్ళు మీట మీద నిలవడం లేదు.

"నాలుగు మైళ్ళు."

హాల్డేన్ రెండు చేతులూ చక్రం మీదున్నాయి. అంత కిందుగా పోతూ ఒక్క చెయ్యి వదిలినా సముద్రంలోకే. "కీత్! వాడి చేతిలోంచి లాక్కో దాన్ని!"

కీత్ తిరిగి దీపం లాక్కున్నాడు. లిండ్సే వైపు ఒక క్షణం చూశాడు. తర్వాత పక్క కిటికీ తెరిచి, దాన్ని బయటికి గురిపెట్టాడు.

"నీ చేతులు వణుకుతున్నాయి గురూ," అన్నాడు. "నువ్వేస్తే వాళ్ళకి సగం అక్షరమే వెళ్తుంది. క్షమించు స్కిప్. నాలుగు సెకన్ల పని."

"కీత్, వద్దు!"

వాన తెర పక్కకి తప్పుకుంది. దాని వెనక చంద్రుడు. నీళ్ళమీద పరచుకున్న వెన్నెల దారిలో ఓడ నల్లగా, అడ్డంగా నిలబడి ఉంది. కీత్ మీట నొక్కాడు. పొడుగు, పొట్టి, పొట్టి, పొడుగు: ఆ రాత్రి అడగాల్సిన అక్షరం. ఒక్కసారి. ఆపాడు.

ఓడ మీద చీకటి అలాగే ఉంది. ఆ నల్లటి ఆకారంలోంచి చిన్న వెలుగు ఒక్కటి, ఒకే ఒక్కటి రావాలని కోరుకున్నంతగా లిండ్సే ఎప్పుడూ దేన్నీ కోరుకుని ఉండడు.

వచ్చింది. ఒక్కటి కాదు. ఓడ పొడవునా ఐదారు చోట్ల వెలుగులు ఒకేసారి చిమ్మాయి. తూటాల నిప్పుపూసలు దండలు దండలుగా లేచి, మొదట నెమ్మదిగా వస్తున్నట్టు కనిపించి, చివర్లో కొరడాల్లా మీదపడ్డాయి.

కిటికీ పగిలింది. ఏదో తడిగా, వేడిగా లిండ్సే మొహం మీద చిందింది. దీపం ఇంకా వెలుగుతూనే నేలమీద పడింది. ఆ వెలుగులో కీత్ కనిపించాడు. దవడ కింది భాగం లేదు. కళ్ళు మాత్రం తెరుచుకునే ఉన్నాయి, ఆశ్చర్యపోయినట్టు. చేతులు గాల్లో దేన్నో వెతికి, ఒళ్ళో పడిపోయాయి. శరీరం ముందుకి, చక్రం మీదకి ఒరిగింది. గెర్టీ ముక్కు కిందికి వంగింది.

"లాగు వాణ్ణి! లాగరా!" హాల్డేన్ అరిచాడు.

లిండ్సే కీత్ కోటు పట్టుకుని వెనక్కి గుంజాడు. పట్టు జారింది. మళ్ళీ గుంజాడు. అలల మీంచి లేచిన తుంపర ముందు అద్దాన్ని తడిపేసింది. ముప్పై అడుగులో నలభయ్యో. ముక్కు లేచింది. లిండ్సే చచ్చిన స్నేహితుణ్ణి రెండు చేతులా వాటేసుకుని నిలబడి ఉండగానే ఓడ అద్దం నిండా పెరిగింది. ఎత్తయిన చుక్కాని గది, లావుపాటి పొగగొట్టం, డెక్ మీద కప్పిన లారీల వరస. నాలుగైదు వేల టన్నులుంటుంది. దాని పక్కన పెట్రెల్ ఒక పడవంత ఉంటుంది. ఈ నీళ్ళలో మనవాళ్ళకి అంత ఓడ లేదు.

జపాన్‌దే.

వెనకనుంచి ఆస్సీ గన్ మొదలైంది. చుక్కాని గది అద్దాలు రాలాయి. ఒక గన్ దగ్గర నిలబడ్డ ముగ్గురు, ఎవరో చేత్తో విదిలించినట్టు పక్కకి ఎగిరిపోయారు. హాల్డేన్ మీట నొక్కాడు. నాలుగు బాంబులూ ఒకదాని వెంట ఒకటి జారిపోయాయి. బరువు తగ్గిన గెర్టీ ఎగిరిపడి, స్తంభాల మధ్యనుంచి పొగగొట్టం మీదుగా దాటింది.

వెనక రాత్రి పగిలింది. పేలుడు గాలి విమానాన్ని బొమ్మలా తోసింది. రెండో బాంబు లోపల పడ్డట్టుంది. ఓడ నడుము పైకి లేచి, తెరుచుకుంది. లారీలు అగ్గిపెట్టెల్లా గాల్లోకి లేచాయి. మంటలంటుకున్న మనుషులు అంచు మీంచి దూకుతున్నారు. కింద నీళ్ళమీద పరుచుకున్న నూనె కూడా మండుతోంది. దూకినవాళ్ళు మంటలోంచి మంటలోకే దూకుతున్నారు.

ఇంజనీర్ వెర్న్ అరుస్తున్నాడు: "ఎడమ ఇంజన్ పోయింది! ఆపేస్తున్నా! పెట్రోల్ తొట్టి చిల్లుపడింది!"

*

పది నిమిషాలు గడిచాయి. కీత్‌ని వెనక మడతమంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు. లిండ్సే అతని సీట్లో కూర్చున్నాడు, ఒంటి ఇంజన్‌తో ఒక పక్కకే లాగేస్తున్న విమానాన్ని పట్టడానికి కెప్టెన్‌కి ఇంకో రెండు కాళ్ళు కావాలి. సీటు తడిగా ఉంది.

"జపాన్‌దే," అన్నాడు హాల్డేన్. "నీ ప్రశ్నకి జవాబు దొరికింది కదా. కీత్ మొహం మీద రాసుంది, వెళ్ళి చదువుకో."

లిండ్సే పెడల్ మీద కాలు బిగించాడు. నిజమే. అడగమన్నది తను. అడిగింది కీత్.

"కెయిర్న్స్ చేరతామా?" అన్నాడు చివరికి.

"ఈ పెట్రోల్‌తో సగం దూరం కూడా పోలేం. దగ్గర్లో ఏముంది?"

లిండ్సే పటం మోకాళ్ళ మీద పరిచాడు. ముందు తామెక్కడున్నారో తెలియాలి. మైకు నొక్కాడు. "ఆస్సీ. ఆ ఓడ ఇంకా కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది." పగిలిన పెదాల మధ్యనుంచి మాట ముద్దగా వచ్చింది.

"దాని మంటకి గురిపెట్టి చెప్పు."

ఆస్సీ చాలాసేపు తీసుకున్నాడు. ఎప్పుడూ తీసుకోనంతసేపు. "కుడికి ఐదు," అన్నాడు. "రెండుసార్లు చూశాను లిండ్సే. కుడికి ఐదు."

ఎడమకి ఎనిమిది కాదు. కుడికి ఐదు. లిండ్సే ఆ గాలితో రాత్రంతా వచ్చిన దారిని మొదట్నుంచీ మళ్ళీ గీశాడు. గీత గీస్తుంటే పెన్సిల్ ఎర్ర గీతను దాటి అటువైపు వెళ్ళింది. ఓడని కొట్టింది గీతకు తొమ్మిది మైళ్ళు తూర్పున. ఈ రాత్రి కూడా తూర్పునే ఉన్నారు.

"తవూయి దీవి," అన్నాడు. "డెబ్భై మైళ్ళు. లోపల మడుగు ఉంది. మన కావలి పడవల మజిలీ."

హాల్డేన్ మెల్లగా అతని వైపు తిరిగాడు. పెట్రెల్ మంగళవారం రాత్రి చేరాల్సిన చోటు అదే. ఇద్దరికీ తెలుసు.

"ఇంకేం లేదా?"

"సముద్రం ఉంది."

తెల్లవారేలోపు అందరికీ పని పడింది. నీళ్ళమీద దిగాలంటే పొట్టకున్న చిల్లులన్నీ పూడ్చాలి. పెద్దవాటికి చొక్కాలు చింపి కుక్కారు. తూటా పట్టేంత చిన్నవాటికి పెన్సిళ్ళు సరిగ్గా సరిపోతాయి. ఈ విమానాల్లో ఎగిరేవాళ్ళందరికీ తెలిసిన చిట్కా అది. క్లారీని కాసేపు తన సీట్లో కూర్చోబెట్టి లిండ్సే వెనక్కి వచ్చాడు. అతని దగ్గరున్న పెన్సిళ్ళన్నీ అయిపోయాయి. ఆస్సీ మోకాళ్ళ మీద కూర్చుని వాటిని సుత్తితో దిగ్గొడుతూ, తల ఎత్తకుండా అడిగాడు: "చెప్పేస్తావా వాళ్ళకి?"

లిండ్సే ఇంకో చిల్లు వెతుక్కుంటూ పక్కకి జరిగాడు.

*

తూర్పు తెల్లబడుతుండగా గెర్టీ మడుగులో దిగింది. రెండుసార్లు ఎగిరిపడి, ఎడమకి తిరిగి, ఆగింది. కొబ్బరిచెట్ల నీడలోంచి ఒక కావలి పడవ వచ్చింది. ముందువైపు జంట గన్‌లు, వాటి వెనక ఒకడు ఆవలిస్తూ. అంచున నిలబడి తాడు విసిరినవాడి రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లు. కనుబొమ్మలు కాలిపోయి మొహం గుడ్డులా నున్నగా ఉంది.

"రండ్రా నాయనా, రండి!" అన్నాడు నవ్వుతూ. "రాత్రి ఆకాశం ఎర్రబడితే చూశాం. మీ పనేనా? ఎంతది?"

"ఐదు వేల టన్నులు," అన్నాడు హాల్డేన్ రెక్క కింద నిలబడి. "మావాడొకడు పోయాడు."

"అయ్యో." అతను టోపీ తీశాడు. "నా పేరు హెక్టర్ డన్‌స్టన్. మాకూ పోయారు, మంగళవారం. పెట్రెల్. పద్దెనిమిది మంది. నేనొక్కణ్ణే పగడపు దిబ్బ మీదకి కొట్టుకొచ్చాను. నిన్నే తెచ్చారు నన్ను. పడుకోమంటే పడుకోలేకపోతున్నాను, కళ్ళు మూస్తే మావాళ్ళ అరుపులే. అందుకే తాళ్ళు విసురుతున్నాను." ఫ్లాస్కులోంచి టీ మూతలో పోసి లిండ్సేకి అందించాడు. "తాగు బాబూ. చెవి దగ్గర గట్టిగానే తగిలినట్టుందే. రాత్రి వాళ్ళని బాగా కాల్చారా?"

"కాల్చాం," అన్నాడు లిండ్సే.

"మంచి పని. మమ్మల్ని కొట్టిందీ విమానమే. ఒక్కటే వచ్చింది, నల్లగా. మా నెత్తి మీదుగానే పోయింది. మా లెఫ్టినెంట్ నమ్మట్లేదు నన్ను. జపాన్ వాళ్ళ పడవ విమానానికి నాలుగు ఇంజన్లుంటాయిట. నేను రెండే అంటున్నాను. భయంలో కళ్ళు తిరిగాయి నీకు అన్నాడాయన." హెక్టర్ నవ్వాడు. "నాకేం తిరగలేదు. నీళ్ళలో వెల్లకిలా తేలుతూ లెక్కపెట్టాను. రెక్క పైనెక్కడో గొడుగులా ఉంది. కింద పొట్ట పడవలాగా. పక్కన గాజు..."

మాట అక్కడ నెమ్మదించింది. అతని చూపు లిండ్సే భుజం మీదుగా పైకి, రెక్క మీదకి వెళ్ళింది. ఒక ఇంజన్ దగ్గర ఆగింది. రెండోదాని దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి గాజు బుడగ దాకా వచ్చింది. దాంట్లో కూర్చుని ఉన్న ఆస్సీ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

ఫ్లాస్కులో మిగిలిన టీ హెక్టర్ కట్ల మీద ఒలికింది. అతనికి తెలిసినట్టు లేదు.

"మంగళవారం రాత్రి మీరెక్కడున్నారు?" అన్నాడు.

"కెయిర్న్స్‌లో," హాల్డేన్ వెంటనే అన్నాడు. "ఇంజన్ మరమ్మతు. మెస్సులో కూర్చుని బీరు తాగుతున్నాం." అంటూనే అతని చెయ్యి లిండ్సే మోచేతిని ఎముక నొక్కుకునేలా పట్టుకుంది.

హెక్టర్ కెప్టెన్ వైపు చూడలేదు. కనుబొమ్మలు లేని ఆ కళ్ళు లిండ్సే మీదే ఉన్నాయి.

"నిజమేనా బాబూ?"

మడుగులో నీళ్ళు విమానం పొట్టకి తగిలి చప్పుడు చేస్తున్నాయి. హాల్డేన్ వేళ్ళు ఇంకా బిగుసుకున్నాయి. లిండ్సే ఆ వేళ్ళని ఒక్కొక్కటిగా విడదీశాడు.

"కాదు," అన్నాడు. "ఆ రాత్రి దారి లెక్క చూసింది నేను."

కావలి పడవ ముందుభాగంలో ఆవలిస్తున్నవాడు ఆవలింత ఆపేశాడు. మడుగు ముఖద్వారం వైపు చూస్తున్న జంట గన్‌లు కిర్రుమంటూ నెమ్మదిగా ఇటు తిరగసాగాయి. హెక్టర్ వాటిని ఆపమని చెయ్యి ఎత్తలేదు.